గచ్చకాయ గెలిచిందన్నారు

గచ్చకాయ పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాయ మీద కాదు నా కోపం. అది పాపం ఇసుక దిబ్బల మీద ముళ్ళకంపలో కాస్తుంది, బూడిదరంగు గోలీల్లాగా ఎండి రాలుతుంది, పిల్లలు దాన్ని బండకేసి రుద్ది వేడెక్కించి పక్కవాడి తొడకి అంటించి పరిగెత్తుతారు. అంతవరకూ మంచి కాయే. దాన్ని సీసాలో పోసి, ఇంకా ఏమీ తేలకముందే మనిషి గొంతులో పొయ్యడానికి ఉబలాటపడిన వాళ్ళున్నారే, వాళ్ళ మీద నా కోపం.

మొన్న ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఆకుమందులు చేస్తే మేలు చేస్తాయి, లేకపోతే ఊరుకుంటాయి, చెడు మాత్రం చెయ్యవని బంతి అంతా వినేటట్టు చెప్పినాడు. నేను విస్తరి వదిలేసి లేచి వచ్చేసినాను. వచ్చేసినానంటే, పాయసం వడ్డించినాక వచ్చినాను. కానీ ఆ పాయసం కోపంతోనే తాగినాను.

అరవైల మొదట్లో నేను మలేరియాకి మందు కనిపెట్టే పరిశోధన చేసినాను. మా ఊళ్ళో అందరూ అట్లాగే అనుకుంటారు, ఎందుకంటే నేనే అట్లా చెప్పినాను. పరిశోధన చేసింది డాక్టరుగారు. నేను సీసాలు కడిగేవాణ్ణి, కోడిపిల్లల రెక్క కింద సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసేవాణ్ణి, దాన్ని గాజుపలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపులో చూసేవాణ్ణి. చూడటం మాత్రం నాకు బాగా వచ్చు. ఇందులో గొప్పలు లేవు.

మాది మనుబోలు పక్క. ఇంటినిండా వరి పని. కావలిలో ఇంటర్మీడియట్ చదివి వచ్చినాక మళ్ళీ బురదలో దిగాలంటే నాకు మనసొప్పలేదు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, ఇసుక మొదలయ్యే చోట ఒక పాత ఉప్పుకొట్టు ఉండేది. మద్రాసు నుంచి వచ్చిన డాక్టరుగారు దాన్ని బాడుగకి తీసుకుని, సున్నం కొట్టించి, బల్లలు వేయించి, మనుషులు కావాలన్నాడని విన్నాను. పోయి చేరినాను.

ఆయన పద్ధతి ఇది. కోళ్ళకి కూడా మలేరియా వస్తుంది. అది కోళ్ళదే, మనుషులకి అంటదు. జబ్బు కోడి రక్తం కొంచెం తీసి కోడిపిల్లలకి ఎక్కిస్తే అవీ జబ్బు పడతాయి. వాటిని రెండు గూళ్ళలో పెట్టేవాళ్ళం. ఒక గూటి పిల్లలకి పొద్దున్నే చుక్కలగొట్టంతో మందు, ఇంకో గూటి పిల్లలకి ఉత్త నీళ్ళు. మందు గూటికి గుర్తుగా ఎర్రగుడ్డ కట్టేవాళ్ళం. తర్వాత రెండు గూళ్ళ రక్తమూ చూసుకుంటూ పోవడమే. నేలవేము చూసినాం, తిప్పతీగ చూసినాం, ఏడాకులపాల చెక్క చూసినాం. వందల మూలికలు పరీక్షించినామని చాలాచోట్ల చెప్పినాను. చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏది తాపినా రెండు గూళ్ళ పిల్లలూ ఒక్కలాగే తలలు వాల్చి పోయేవి.

గచ్చకాయ దగ్గరికి వచ్చేసరికి మారింది. లోపలి పప్పు నూరి, సారాయిలో నానబెట్టి, వడగట్టి, సారాయి ఆవిరైపోయేదాకా కాచి, మిగిలిన చేదుముద్దని నీళ్ళలో కలిపి తాపినాం. నీళ్ళ గూటి పిల్లలు పోయినాయి. ఎర్రగుడ్డ గూటి పిల్లలు లేచి తిరిగినాయి. రక్తంలో మలేరియా పురుగు సగానికి సగం తగ్గింది. మళ్ళీ చేసినాం, మళ్ళీ అంతే. గచ్చకాయ గెలిచింది అని డాక్టరుగారు నా భుజం తట్టినాడు. ఆ రోజు నేనూ ఎగిరి గంతేసినాను, అందులో దాపరికం ఏముంది.

ఆ గూళ్ళకి సాయంత్రం మేత వేసే మనిషి ఒకామె ఉండేది. పక్కనే ఉన్న పల్లెకారుల పాళెంలో ఇల్లు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అబ్బయ్యా అనేది. మొగుడు మద్రాసు రేవులో మూటలు మొయ్యడానికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టినాడట. సముద్రం మింగి ఉంటే ఏడ్చుకునేదాన్ని, అదీ చెయ్యలేదు అని నవ్వేది. పొద్దున చేపలు ఎండబెట్టుకుని, మధ్యాహ్నం తిరిగినాక మా కొట్టుకి వచ్చేది. వాళ్ళు క్రైస్తవులు. కోడిపిల్లలకి నూకలు చల్లబోయే ముందు కూడా కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. ఆమెకి ఒక్కతే కూతురు, పెళ్ళీడు పిల్ల. తల్లితో పాటు చేపలు ఆరబోసేది.

డాక్టరుగారికి అప్పుడు ఒక భయం పట్టుకుంది. సర్కారు మలేరియా వాళ్ళు ఊరూరా తిరిగి గోడలకి మందు కొడుతున్నారు. సైకిల్ మీద ఒకతను ఇంటింటికీ వచ్చి, జరం ఉందా అని అడిగి, వేలు గుచ్చి రక్తం తీసుకుని, మాత్రలు ఇచ్చి, తలుపు పక్కన తేదీ వేసి పోతున్నాడు. మలేరియా తగ్గిపోతా ఉంది. అందరూ సంతోషించే మాటే కదా. డాక్టరుగారు మాత్రం, మన మందు బయటికి వచ్చేలోపల ఈ జరమే లేకుండా పోతే ఎట్లా అని నాతో అన్నాడు. నేను ఎగతాళికి అన్నాడనుకుని నవ్వినాను. ఆయన నవ్వలేదు.

అందుకే అక్క కూతురికి చలిజరం వచ్చిందని తెలిసినప్పుడు ఆయన మొహం వెలిగింది. నేను ఎదురుగా నిలబడి చూసినాను ఆ వెలుగు. అయ్యో అని ఒక మాట అన్నాడు గానీ, ఆ అయ్యో కింద దీపం వెలుగుతానే ఉంది. ఆ పిల్ల వేలి రక్తం నేనే తీసినాను, నేనే చూసినాను. ఒక్కో కణంలో ఉంగరాల్లాగా రెండేసి పురుగులు. అది మెదడుకి ఎక్కే రకం, తాత్సారం చేస్తే మనిషిని తీసుకునిపోయే రకం. ఆయనకి చెప్పినాను. ఆయన ఆ గాజుపలక చూసి, అక్కని పిలిపించి, సర్కారు మాత్రలు వెయ్యొద్దు, మన మందే తాపుదాం, రెండూ కలిస్తే ఏది పనిచేసిందో తెలియదు అన్నాడు.

అక్క ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? ఎర్రగుడ్డ గూటి పిల్లలు బతకడం ఆమె కళ్ళారా చూసింది. మాకంటే ఎక్కువ నమ్మకం ఆమెకే. నా బిడ్డకి ముందు మీరే పొయ్యండయ్యా అని దణ్ణం పెట్టింది. ఈయన ఆ దణ్ణం తీసుకున్నాడు. దుర్మార్గుడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చదువుకున్నవాడు, జబ్బు మనిషిని చూస్తే ప్రేమగా మాట్లాడేవాడు, ఒకరి దగ్గర చెయ్యి చాచనివాడు. అట్లాంటి మనిషి, పక్కనే సైకిల్ మీద మాత్రలు తిరుగుతుంటే, ఆ పిల్లని మూడో గూడు చేసినాడు.

అక్క కూతురి దగ్గర ఉండిపోయింది కాబట్టి మేత పని నా మీద పడింది. నేను ఉత్త నూకలు చల్లేవాణ్ణి. అప్పుడే కొత్త కోడిపిల్లలకి జబ్బు ఎక్కించి ఉన్నాం. ఆ పిల్ల మంచం పట్టిన నాలుగైదు రోజులకి, ఎర్రగుడ్డ గూటి పిల్లలు కూడా తలలు వాలుస్తున్నాయి. మందు అదే. చుక్కలు అవే. రక్తం తీసి చూస్తే రెండు గూళ్ళకీ తేడా లేదు, కణాల నిండా పురుగే. ఎక్కడ తప్పు చేసినానో అని సీసాలన్నీ మళ్ళీ కడిగినాను. ఏమీ తేలలేదు. సాయంత్రం సీసా తీసుకుని అక్క ఇంటికి పోయినాను.

పిల్ల మంచంలో కాలిపోతా ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను ఎవరో అనుకుంది. అక్క తల ఎత్తి పట్టుకుని మా కషాయం తాపింది. తాపి, మూలనున్న సీసా తీసి, ఉగ్గుగిన్నెలోకి పసుపుపచ్చటి నూనె వంచి అది కూడా పోసింది. నీచు వాసన గుడిసె అంతా కొట్టింది.

ఏందక్కా అది అన్నాను.

"సొర నూనె. చేదు తాపినాక నూనె పొయ్యకపోతే కడుపు గీరుకుపోదా? మీ పక్క పొయ్యరా?"

మా మనుబోలు పక్క చేదు తాపితే వెనకాల బెల్లంముక్క పెడతారు. ఆ తీరంలో సొరచేప కార్జం కాచి తీసిన నూనె పోస్తారు. ఏ ఇంట్లో అయినా అంతే, ఏ బిడ్డకైనా అంతే. నాకు తెలియదు. నేను సీసా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడినాను.

"అక్కా, కోడిపిల్లలకి కూడా పోసినావా?"

"పొయ్యకుండా ఎట్టుంటా? నూకల్లో బాగా కలిపి పెట్టేదాన్ని. నోరులేని జీవాలు, పొద్దున్నే అంత చేదు తాగుతుండాయి."

"రెండు గూళ్ళకీనా?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నీళ్ళు తాగినవాటికి నూనె ఎందుకు అబ్బయ్యా? ఎర్రగుడ్డ కట్టినవాటికే."

అదీ సంగతి. గచ్చకాయ గెలవలేదు. గెలిచింది ఏదైనా ఉంటే ఆ నూనె గెలిచింది, లేకపోతే నూనెతో పాటు కడుపునిండిన మేత గెలిచింది. కొట్టు చుట్టూ ఊరంతా చేపల వాసనే కాబట్టి గూళ్ళ దగ్గర ఆ వాసన మాకు వేరేగా తెలియలేదు. ఆమెకి మాత్రం ఏం తెలుసు? రెండు గూళ్ళకీ మేత ఒక్కటిగా ఉండాలని ఆమెకి ఎవరు చెప్పినారు? ఆయన చెప్పలేదు, నేను చెప్పలేదు. చేదు తాగిన బిడ్డకి తల్లి చేసే పని చేసింది.

నేను పరిగెత్తినాను. డాక్టరుగారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నూనె సంగతి చెప్పినాను. ఆయన వినలేదు, కోడిపిల్లలకి ఒక చుక్క నూనె పెడితే మలేరియా తగ్గుతుందా, ఎవరైనా వింటే నవ్వుతారు అన్నాడు. కొత్త పిల్లల రక్తం చూడండి అన్నాను. రెండు గూళ్ళవీ రెండు గాజుపలకలు మైక్రోస్కోపు పక్కన పెట్టినాను. ఆయన చాలాసేపు చూసినాడు. ఒకటి తీసి ఇంకోటి పెట్టి, మళ్ళీ మొదటిది పెట్టి చూసినాడు.

"ఇందులో మందు తాగినది ఏది?"

"మీరే చెప్పండి సార్."

ఈ మాట దగ్గర నేను బల్ల మీద గుద్దినానని, సీసాలు గలగలమన్నాయని మనవళ్ళకి చెప్పినాను. గుద్దలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ అన్నాను. కానీ అన్నాను. ఆయన చెప్పలేకపోయినాడు. చెప్పలేక, ఈసారి కోడిపిల్లలు నాసిరకం వచ్చినట్టున్నాయి అన్నాడు. ఆ పిల్లకి ఇంకో మూడు రోజులు తాపి చూద్దాం, మధ్యలో ఆపితే ఇన్నాళ్ళ పనికి అర్థం ఉండదు అన్నాడు.

ఇన్నాళ్ళ పని! ఆ పిల్ల మనుషుల్ని గుర్తుపట్టడం లేదయ్యా అంటే, ఆయన పనికి అర్థం కావాలట.

మాత్రల కోసం తుఫాను గాలిలో నెల్లూరు దాకా సైకిల్ తొక్కినానని చెప్పడం నాకు ఇష్టం. గాలి లేదు, వాన లేదు, పోయింది విడవలూరు దాకానే. మలేరియా అతను టీ అంగడి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పగానే గ్లాసు కింద పెట్టేసినాడు. రక్తంలో పురుగు కళ్ళతో చూసి కూడా మాత్ర వెయ్యలేదా, మీరు మనుషులేనా అని నన్ను తిట్టినాడు. ఆ తిట్టు డాక్టరుగారికి పడాల్సింది, మధ్యలో నేను దొరికినాను. పడినాను. మాత్రలు ఇచ్చి, ఎట్లా వెయ్యాలో చెప్పి, పొద్దున్నే తానూ వస్తానన్నాడు.

మాత్రలు తెచ్చి చూపిస్తే అక్క అడ్డం తిరిగింది. డాక్టరయ్య వద్దన్నాడు కదా అంది. కోడిపిల్లలు బతికింది మా కషాయంతో కాదు, నీ నూనెతో అక్కా అని చెప్పినాను. చెప్పినాక తెలిసింది ఎంత బుద్ధితక్కువ పని చేసినానో. ఆమె మొహంలో వెలుగు వచ్చింది. అయితే నూనే ఎక్కువ పోస్తాలే, ఈ మాత్రలు కూడా ఎందుకు అని సీసా అందుకుంది. సీసా ఉన్న చెయ్యి పట్టుకుని ఆపినాను. కోడి వేరు, మనిషి వేరు అన్నాను. ఆమెకి ఎక్కలేదు. ఎట్లా ఎక్కుతుంది? కోళ్ళని చూసి మనుషులకి మందు పొయ్యొచ్చని ఆమెకి నేర్పింది మేమే కదా.

పిల్ల అప్పుడు పళ్ళు కరిచి, మెడ వెనక్కి విరిచి, ఏదో గొణిగింది. అక్క గబుక్కున మంచం మీద కూర్చుని తల ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆమె చెయ్యి చాచింది.

"ఏదీ, ఇట్టా తే."

ఒక మాత్ర తీసుకుని నాలుక చివర అంటించుకుంది. మొహం వికారంగా పెట్టింది. ఆ మాత్రల చేదు తెలిసినవాళ్ళకి తెలుసు, గచ్చకాయని దిగదుడుపు చేస్తుంది.

"ఇది మీ కషాయం కంటే చేదుగా ఉండాదే."

"దానికంటే బలమైంది అక్కా. కావాలంటే వెనకాల నూనె పొయ్యి, ఎవరొద్దన్నారు?"

అక్కడ ఆమె మనసు కుదుటపడింది. చేదు ఉంది, చేదు వెనకాల నూనె ఉంది. ఇక అడ్డు చెప్పడానికి ఏమీ లేదు. మాత్రలు పొడి చేసి నీళ్ళలో కలిపి ఇద్దరం కలిసి తాపినాం. వాంతి కాకుండా ఉండాలని ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేను కూడా కళ్ళు మూసుకున్నాను. ఎవరిని మొక్కినానో నాకు తెలియదు.

పొద్దున్నే మలేరియా అతను మాట ప్రకారం వచ్చి తన చేత్తో మాత్రలు వేసి పోయినాడు. మర్నాటికి ఒళ్ళు చల్లబడింది. ఆ తర్వాత రోజు పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు గుంటలు పడి, పెదాలు పగిలి, పుల్లలాగా ఉంది గానీ, నన్ను చూసి, సీసాలయ్య వచ్చినాడమ్మా అంది. నాకు పేరు పెట్టి ఉన్నారని అప్పుడే తెలిసింది.

సరిగ్గా అదే వేళకి డాక్టరుగారి జీపు వచ్చింది. పిల్ల కూర్చుని ఉండటం చూసినాడు. అదే వెలుగు మళ్ళీ. నాడి పట్టుకున్నాడు, కనురెప్ప తీసి చూసినాడు, నా వైపు తిరిగి, చూసినావా, ఊరికే కంగారుపడినావు, గచ్చకాయ ఆలస్యంగా పనిచేస్తుంది అంతే అన్నాడు.

అది మాత్రలు సార్ అన్నాను. మలేరియా అతను వచ్చి వేసినాడు, నేను తెచ్చినాను, కషాయం ఆ రోజే ఆపేసినాం అన్నాను. అక్క ఊరుకోలేదు. ఈయన కాయా కాదు, ఆయన మాత్రా కాదు, మా సొర నూనె అంది. గర్వంగానే అంది. కోడిపిల్లల్ని బతికించిందీ అదేనట గదయ్యా, ఈ అబ్బయ్యే చెప్పినాడు అని కూడా అంది.

ఆయన మొహం నల్లబడింది. నన్ను ఏమీ అనలేదు. ఆమె మీద విరుచుకుపడినాడు. ఎవరు పెట్టమన్నారు నూనె, నా పనంతా పాడుచేసినావు, రేపటి నుంచి కొట్టు గడప తొక్కొద్దు అన్నాడు. ఆమె లేచి నిలబడింది. అంతవరకూ ఆ మనిషి ముందు ఆమె తల ఎత్తి మాట్లాడటం నేను చూడలేదు.

"ఏం పెట్టినావని ఒక్కనాడైనా అడిగితివా అయ్యా? వాటి నెత్తురు అడిగితివి, వాటి రెట్ట అడిగితివి. వాటి నోట్లో ఏం పడతా ఉందో అడగలా. అడిగుంటే చెప్పనా? దాచిపెట్టుకునే పని నేనేం చేసినా?"

ఆ నూనెలో ఏముందో చూద్దామని కూడా ఆయనకి తోచలేదు. ఆయన పని మూలికల మీద. చేప మూలిక కాదు. అంతే, అక్కడితో కొట్టేసినాడు. ఆ సంగతి ఆ తర్వాత ఆయన తేల్చినాడో లేదో నాకు తెలియదు.

అప్పుడు మంచం మీది పిల్ల మాట్లాడింది. గొంతు కీచుగా ఉంది.

"నా జరం మీరు ముగ్గురూ పంచుకోండి గానీ, ముందు ఎవురన్నా నాకింత కూడు పెట్టండి."

అక్క లోపలికి పోయింది. గిన్నె చప్పుడైంది. మేమిద్దరం గుమ్మంలో మిగిలినాం.

ఆయన సంచీ లాక్కుని కాలవలోకి విసిరినానని ఒకప్పుడు చెప్పేవాణ్ణి. ఆ సంచీ నేనే మోసినాను. అలవాటుగా చెయ్యి పోయింది, ఎత్తుకున్నాను, ఇసుకలో ఆయన వెనకాల జీపు దాకా నడిచినాను. సంచీ సీటు మీద పెట్టి, ఆమె రాని చోటికి రేపటి నుంచి నేనూ రాను సార్ అన్నాను. ఇంజను మోతలో ఆయనకి వినపడలేదు. ఏమిటి అన్నాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి గట్టిగానే చెప్పినాను.